బ్రిటన్ టూర్‌లో మేమిద్దరం: ఏ పూట పబ్బు, ఏ పూట రెస్టారెంటు

జూన్ నెల, యార్క్‌షైర్‌లో ఒక చిన్న ఊరు. రాత్రి తొమ్మిదీ పది అయింది. బయట చూస్తే మన ఊళ్లో సాయంత్రం ఐదున్నరకి ఉండే వెలుతురు. జూన్‌లో అక్కడ తొమ్మిదిన్నర దాటితేగానీ పొద్దు గుంకదు. దాంతో టైమ్ ఎంతయిందో మా కడుపులకి కూడా తెలియలేదు. కొండ దిగి, కాళ్లు పీకుతుంటే ఒక పబ్బులోకి వెళ్లి మెనూ అడిగాం. కౌంటర్ వెనకున్న అమ్మాయి నొచ్చుకుంటూనే, కిచెన్ తొమ్మిదికే మూసేశామని చెప్పింది. ఊళ్లో ఉన్న ఇంకొక్క హోటల్లోనూ అదే మాట. ఆ రాత్రి నా డిన్నర్ రెండు ప్యాకెట్ల ఉప్పు-వెనిగర్ చిప్స్. మా ఆయనకి ఒక ప్యాకెట్ వేరుశనగ గుళ్లు, గాజు సీసాలో వెనిగర్‌లో ఊరేసిన కోడిగుడ్డు ఒకటి. ఆ గుడ్డు గురించి ఆయన ఇప్పటికీ మాట్లాడటానికి ఇష్టపడరు.

రెండు వారాల టూర్ అది. లండన్, బాత్, బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల, యార్క్, ఎడిన్‌బరా. నేను శాకాహారిని, గుడ్డు కూడా ముట్టను, మందు అలవాటు లేదు. మా ఆయన చికెన్, చేప, మేక అన్నీ తింటారు, బీఫ్ తినరు. సాయంత్రం ఒక బీరు ఉంటే హుషారు. మన తెలుగు జంటల్లో ఈ కాంబినేషన్ చాలా మామూలే కాబట్టి, మా తిప్పలు మీకు పనికొస్తాయని రాస్తున్నాను. మొదటి మూడు రోజులు పూటపూటకీ "ఎక్కడ తిందాం" అని వాదించుకున్నాక ఒక పద్ధతికి వచ్చాం. మధ్యాహ్నం రెస్టారెంటు, సాయంత్రం ఆరు ఆరున్నరకల్లా పబ్బు. ఆదివారం మాత్రం దీన్ని తిరగెయ్యాలి. ఎందుకో చెప్తాను.

పబ్బు అంటే మన పబ్బు కాదు

హైదరాబాద్‌లో పబ్ అంటే డీజే, చీకటి, కవర్ చార్జి, గేటు దగ్గర బౌన్సర్. బ్రిటన్‌లో మామూలు పబ్బుకి ఈ హంగులేవీ ఉండవు. పబ్లిక్ హౌస్ అన్న మాటకి అది పొట్టి పేరు. మధ్యాహ్నం పదకొండు పన్నెండుకే తలుపులు తీస్తారు. ఒక మూల పెద్దాయన పేపర్ మడిచి పదకేళి నింపుతుంటాడు, ఇంకో మూల చంటిపిల్లతో ఒక కుటుంబం, టేబుల్ కింద కునుకు తీస్తూ కుక్క. మన పల్లెల్లో రచ్చబండ చేసే పనే అది చేస్తుంది, కాకపోతే ఇక్కడ అందరి చేతిలో గ్లాసు ఉంటుంది. 2007 జులై 1 నుంచి ఇంగ్లండ్‌లో లోపల పొగ తాగడం నిషేధం కాబట్టి సిగరెట్ కంపు ఉండదు.

ఆడవాళ్లకి ఒక మాట. మా ఆయన కారు పార్కింగ్ వెతుక్కుంటూ అరగంట తిరిగారు ఒక రోజు. ఆ అరగంటా పబ్బులో ఒక్కదాన్నే లైమ్ సోడా పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కరు కూడా తిరిగి చూడలేదు. తాగని మనిషి అక్కడేం చేస్తుంది అన్న అనుమానం ఎవరికీ రాదు. శుక్రవారం, శనివారం రాత్రి ఎనిమిది దాటాక సిటీ సెంటర్‌లో మాత్రం లెక్క వేరు. నిలబడటానికే చోటుండదు, పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే అరవాలి. ఆ రెండు రాత్రులు మేం పబ్బు జోలికి పోలేదు.

మొదటి రోజు లండన్‌లో చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. పబ్బులో మంచి కిటికీ పక్క టేబుల్ చూసుకుని కూర్చుని, వెయిటర్ వస్తాడని ఇరవై నిమిషాలు ఎదురుచూశాం. ఎవరూ రాలేదు. పక్క టేబుల్ ఆవిడ జాలిపడి, మీరే కౌంటర్‌కి వెళ్లి చెప్పాలి అంది. టేబుల్ మీద చిన్న ఇత్తడి బిళ్లలో నంబర్ ఉంటుంది. అది గుర్తుపెట్టుకుని కౌంటర్ దగ్గర ఆర్డర్ చెప్పి, డబ్బులు ముందే కట్టేసి, గ్లాసులు మనమే మోసుకురావాలి. ప్లేట్లు మాత్రం వాళ్లే తెస్తారు. కౌంటర్ దగ్గర క్యూ కనపడదు, అందరూ అడ్డంగా నిలబడి ఉంటారు. కానీ ఎవరి తర్వాత ఎవరొచ్చారో లోపలి మనిషికీ తెలుసు, నిలబడ్డవాళ్లకీ తెలుసు. చెయ్యి ఊపడం, నోటు చూపించడం అక్కడ మొరటు పని. కళ్లు కలిస్తే చాలు.

రెస్టారెంటులో ఇదంతా తిరగబడుతుంది. గుమ్మం దగ్గర ఆగాలి, వాళ్లు కూర్చోబెడతారు, బిల్లు చివర్లో వస్తుంది. నడిచి నడిచి అలసిపోయిన రోజున ఎవరైనా వచ్చి అడిగి, తెచ్చిపెట్టడమే పెద్ద సుఖం. అలాంటి రోజున నేను రెస్టారెంటుకే ఓటేస్తాను.

బిల్లు దగ్గర తేడా ఎక్కడొస్తుంది

బాత్‌లో ఒక సాయంత్రం పబ్బులో మా బిల్లు: చికెన్ పై (పిండి పొరలో కూర పెట్టి కాల్చే వంటకం) 17 పౌండ్లు, పుట్టగొడుగుల వంటకం 15.50, ఒక పైంట్ బీరు 5.80, నా లైమ్ సోడా 1.80. మొత్తం 40.10. అంతకు మూడు రోజుల ముందు లండన్‌లో ఒక మధ్యరకం రెస్టారెంటులో డిన్నర్: రెండు మెయిన్లు కలిపి 39, ఇద్దరికీ ఒక స్టార్టర్ 9, చిన్న బీరు సీసా 6, మంచినీళ్ల సీసా 4.50. అక్కడికి 58.50. దాని మీద పన్నెండున్నర శాతం సర్వీస్ చార్జి 7.31 పడి 65.81 అయింది. లండన్‌ని బాత్‌తో పోల్చడం న్యాయం కాదని నాకూ తెలుసు. పౌండు నూరు రూపాయల పైమాటే కాబట్టి మా ఆయన ముఖం చూడాల్సింది ఆ రాత్రి.

అయితే ఆ పాతిక పౌండ్ల తేడాలో సగం మా చేతుల్లో ఉన్నదే. నీళ్లు అడగ్గానే "స్టిల్లా, స్పార్క్లింగా" అంటారు. ఆ రెండిట్లో ఏదన్నా డబ్బే. ట్యాప్ వాటర్ అనాలి. మందు అమ్మే లైసెన్సు ఉన్న చోట కస్టమర్‌కి మామూలు మంచినీళ్లు ఊరికే ఇవ్వాలని చట్టమే ఉంది, మొహమాటపడక్కర్లేదు. సర్వీస్ చార్జి కూడా చాలా చోట్ల ఐచ్ఛికమే. మెనూ అడుగున చిన్న అక్షరాల్లో ఆ మాట ఉంటుంది. సర్వీసు బాగా లేకపోతే తీసెయ్యమని అడగొచ్చు. 2024 అక్టోబర్ 1 నుంచి ఆ డబ్బంతా పనివాళ్లకే వెళ్లాలని చట్టం వచ్చింది కాబట్టి, బాగున్న చోట నేను తీసెయ్యమని అడగలేదు. పబ్బు కౌంటర్‌లో ఆర్డర్ చేస్తే టిప్పు ఇచ్చే అలవాటు పెద్దగా లేదు. ఒక సంగతి మాత్రం హాయి. మన దగ్గర లాగా చివర్లో జీఎస్టీ అంటూ కలపరు. 20 శాతం వ్యాట్ మెనూ ధరలోనే ఉంటుంది.

అసలు కిటుకు మధ్యాహ్నంలో ఉంది. రాత్రి ఇద్దరికీ 90 పౌండ్లు అయ్యే రెస్టారెంటులే మధ్యాహ్నం సెట్ మెనూ పెట్టి, రెండు ఐటమ్స్ మనిషికి 20, 25 పౌండ్లకి ఇస్తాయి. వంటవాడు అతనే, వంటగది అదే. థియేటర్లు ఎక్కువున్న పేటల్లో సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర లోపు కూడా ఇలాంటి మెనూ ఉంటుంది. మంచి చోట తినాలన్న కోరిక లంచ్‌తో తీర్చుకుని సాయంత్రం పబ్బుకి పోవడం అందుకే. ఆదివారం తిరగెయ్యమన్నది కూడా ఈ లెక్కలోదే. ఆ రోజు మధ్యాహ్నం పబ్బుల్లో సండే రోస్ట్ ఉంటుంది, అంటే కాల్చిన మాంసం, దుంపలు, గ్రేవీతో పెద్ద భోజనం, అయిపోయేదాకా వడ్డిస్తారు, సాయంత్రానికి చాలా చోట్ల కిచెన్ మూతపడుతుంది. కాబట్టి ఆదివారం లంచ్ పబ్బులో, డిన్నర్ రెస్టారెంటులో. పల్లెటూరి పబ్బుల్లో కొన్ని సోమవారం, మంగళవారం అసలు వంటే చెయ్యవు. మామూలు రోజుల్లో కూడా చాలా చోట్ల మధ్యాహ్నం రెండున్నర, మూడు దాటితే మళ్లీ ఆరింటికే పొయ్యి వెలిగేది. తలుపులు తెరిచే ఉంటాయి, బీరు పోస్తూనే ఉంటారు, తిండి మాత్రం ఉండదు. మేం మోసపోయింది అక్కడే.

పైంట్ అంటే ఎంత

మన దగ్గర పైంట్ అంటే 330 మిల్లీలీటర్ల చిన్న సీసా. మా ఆయన అదే అనుకుని మొదటి రోజు "రెండు పైంట్లు" అన్నారు, ఒకటి తర్వాత తాగొచ్చని. అక్కడ పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు. రెండు గ్లాసులు కలిపితే లీటరు పైన. రెండోది సగంలో వదిలేశారు. హాఫ్ అని అడిగితే అందులో సగం ఇస్తారు, ధర కూడా దాదాపు సగమే. రకరకాలు రుచి చూడాలనుకునేవాళ్లకి హాఫే మంచిది. విస్కీలాంటివైతే మన పెగ్గు 30, లార్జ్ 60 అన్న లెక్క మరిచిపోవాలి. అక్కడ సింగిల్ మామూలుగా 25 మిల్లీలీటర్లు, కొన్నిచోట్ల 35.

కౌంటర్ మీద పొడుగాటి చెక్క పిడులు కనిపిస్తాయి. అవి చేతి పంపులు. కింద సెల్లార్‌లో ఉన్న పీపాలోంచి బీరుని చేత్తో లాగుతారు, మన వీధి బోరింగు కొట్టినట్టే. రెండు మూడు బలమైన లాగుళ్లకి గ్లాసు నిండుతుంది. దాన్నే కాస్క్ ఏల్ అంటారు. ఇది ఐస్‌లా చల్లగా ఉండదు. 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంచితేనే దాని రుచి తెలుస్తుందట. "ఏంటోయ్, ఫ్రిజ్ పాడైపోయినట్టుంది వీళ్లది" అన్నారు మా ఆయన మొదటి గుక్కకి. నాలుగో రోజుకి అదే కావాలన్నారు. ఏది తీసుకోవాలో తెలియకపోతే రుచి చూస్తామని అడగండి, చిన్న గ్లాసులో రెండు గుక్కలు ఊరికే పోస్తారు. చల్లటి మన కింగ్‌ఫిషర్‌ లాంటిదే కావాలంటే లాగర్ అనాలి.

తాగనివాళ్లకి రెస్టారెంటు కంటే పబ్బే చవక. లైమ్ సోడా రెండు పౌండ్ల లోపు, అల్లం ఘాటుండే జింజర్ బీర్ ఉంటుంది, దాంట్లో పేరులోనే బీరు. ఆల్కహాల్ లేని బీర్లు కూడా ఇప్పుడు దాదాపు ప్రతి చోటా దొరుకుతున్నాయి. కారు అద్దెకి తీసుకుంటే మాత్రం ముందే తేల్చుకోండి ఎవరు నడుపుతారో. ఇంగ్లండ్‌లో 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల ఆల్కహాల్ వరకు పరిమితి, స్కాట్లండ్‌లో 2014 డిసెంబర్ నుంచి అది 50కి తగ్గింది. సరిహద్దు దాటితే రూల్ మారిపోతుంది. ఈ లెక్కలన్నీ ఎందుకని, కారున్న రోజుల్లో ఆయన బీరు తాగాక స్టీరింగ్ నేనే పట్టుకున్నాను.

శాకాహారం, బీఫ్: అసలు జాగ్రత్త ఇక్కడే

మెనూలో వి అని ఉంటే వెజిటేరియన్. అంతవరకూ బాగానే ఉంది. కానీ వాళ్ల వెజిటేరియన్‌లో గుడ్డు ఉంటుంది. గుడ్డు కూడా వద్దనుకునే నాలాంటివాళ్లు వీగన్ గుర్తున్నవే చూసుకోవాలి. పాలు, వెన్న వదులుకోవాల్సి వస్తుందన్నమాటే గానీ, టెన్షన్ ఉండదు. నాకు ఇంకో దారి కూడా దొరికింది. బ్రిటన్‌లో అలర్జీలు కలిగించే 14 పదార్థాల వివరం ప్రతి హోటలూ అడిగితే చెప్పి తీరాలి. గుడ్డు, చేప ఆ లిస్టులో ఉన్నాయి. "అలర్జెన్ లిస్ట్ ఇస్తారా" అంటే చాలా చోట్ల ఒక ఫైలు తెచ్చి ఇస్తారు, వంటకాల పేర్లు నిలువుగా, పదార్థాలు అడ్డంగా, టిక్కులు పెట్టి. గుడ్డు గడిలో టిక్కు లేని వెజ్ ఐటమ్ ఏదో వేలు పెట్టి చూసుకోవచ్చు. వెజ్ అనిపించే సాస్‌లో చేప టిక్కు కనపడితే కంగారుపడకండి, వూస్టర్‌షైర్ సాస్ అయ్యుంటుంది, అందులో ఆంకోవీ అనే చిన్న చేప ఉంటుంది. మాంసం ఈ 14లో లేదు, దాని కోసం నోరు తెరిచి అడగాల్సిందే.

అడగాల్సిన చోట్లు నాకు తెలిసినంతలో ఇవి. ఫిష్ అండ్ చిప్స్ కొట్లలో బంగాళదుంప ముక్కల్ని, ముఖ్యంగా యార్క్‌షైర్ వైపు, గొడ్డు కొవ్వులో వేయించడం పాత అలవాటు. రుచి దానివల్లే అని గర్వంగా చెప్పుకుంటారు కూడా. నూనెలో వేయించినా అదే మూకుడులో చేపలు వేగి ఉంటాయి. సండే రోస్ట్ పక్కన వచ్చే దుంపలూ, మీద పోసే గ్రేవీ కూడా అంతే. పాపం మా ఆయన చికెన్ రోస్ట్ చెప్పి నిశ్చింతగా ఉన్నారు. గ్రేవీ దేంతో చేశారని నేను అడిగితే, ప్లేట్లు తెచ్చిన అబ్బాయి "బీఫ్" అన్నాడు. గ్రేవీ లేకుండా తెప్పించుకున్నాం, ఆవాల ముద్దతో నంజుకుని తిన్నారు. షెపర్డ్స్ పై అంటే గొర్రె మాంసం, కాటేజ్ పై అంటే బీఫ్. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పై పేరులో స్యూయెట్ అని ఉంటే, లోపల చికెన్ ఉన్నా, దాని పిండి పొరలో కలిపేది సాధారణంగా గొడ్డు కొవ్వే. బర్గర్ అని ఊరికే రాస్తే బీఫ్ అనే అర్థం.

శాకాహారికి పబ్బు ఎక్కువా, రెస్టారెంటు ఎక్కువా అంటే, రెస్టారెంటే. ఇటాలియన్ హోటళ్లు పెద్ద ఊళ్లలో అడుగడుగునా ఉన్నాయి, లెబనీస్, ఇథియోపియన్ కూడా దొరుకుతాయి. లెబనీస్ దాంట్లో శనగల ముద్దలాంటి హమ్మస్, శనగలు రుబ్బి వడల్లా వేయించిన ఫలాఫెల్, రొట్టెలు తింటే మన కడుపుకి తిన్నట్టుంటుంది. పబ్బులో వెజ్ అంటే తరచూ ఒక బర్గర్, ఒక పాస్తా, ఒక గింజల రోస్ట్. మూడో రోజుకి విసుగొస్తుంది. స్వీటు దగ్గర మాత్రం పబ్బు గెలుస్తుంది. యాపిల్ ముక్కల మీద పిండి పొరతో కాల్చే యాపిల్ క్రంబుల్‌లో మామూలుగా గుడ్డుండదు. మీద పోసే కస్టర్డ్ గుడ్డుతో చేశారా, పొడితో చేశారా అని అడగండి. మనింట్లో ఫ్రూట్ సలాడ్‌కి వాడే గుడ్డులేని కస్టర్డ్ పొడి పుట్టిందే బర్మింగ్‌హామ్‌లో. భార్యకి గుడ్డు పడదని ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల షాపాయన 1837లో చేశాడు. ఇది తెలిశాక ఆయన మీద నాకు ప్రత్యేకమైన గౌరవం ఏర్పడింది.

పబ్బుల్లోనే రకాలున్నాయి

గ్యాస్ట్రోపబ్ అంటే పబ్బు చట్రంలో రెస్టారెంటు వంట. 1991లో లండన్ ఫారింగ్‌డన్‌లో ది ఈగల్ అనే పబ్బుతో ఈ ధోరణి మొదలైందంటారు. వంట బాగుంటుంది, ధర కూడా రెస్టారెంటు ధరే. చాలా చోట్ల టేబుల్ ముందే బుక్ చేసుకోవాలి. ఇద్దరిలో ఒకరికి పబ్బు వాతావరణం, ఇంకొకరికి మంచి తిండి కావాలనుకుంటే రాజీ ఇక్కడ కుదురుతుంది. పెళ్లిరోజుకి మేం ఇలాంటి చోటికే వెళ్లాం.

చెయిన్ పబ్బులు ఇంకో కొస. వెదర్‌స్పూన్ లాంటివి చాలా ఊళ్లలో ఉంటాయి, కొన్ని పాత బ్యాంకుల్లో, సినిమా హాళ్లలో. ఫోన్ యాప్‌లో టేబుల్ నంబర్ కొడితే తిండి వచ్చేస్తుంది, పొద్దున్నే టిఫిన్ కూడా దొరుకుతుంది, ధర మిగతావాటికంటే బాగా తక్కువ. రుచి గురించి కలలు కనకండి, జేబుకి మాత్రం సుఖం.

పాత చారిత్రక పబ్బుల సంగతి నా అభిప్రాయం చెప్తాను: చూడండి, ఒక హాఫ్ తాగండి, తిండికి వేరే చోటికి వెళ్లండి. లండన్ సదర్క్‌లోని జార్జ్ ఇన్, పూర్వం గుర్రపు బళ్లు ఆగే సత్రం. వరండాలతో ఉన్న అలాంటి సత్రం లండన్‌లో మిగిలింది అదొక్కటే, ఇప్పుడు పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ ఆస్తి. ఫ్లీట్ స్ట్రీట్ సందులో ఓల్డ్ చెషైర్ చీజ్, 1666 లండన్ అగ్నిప్రమాదం తర్వాత 1667లో తిరిగి కట్టింది. మెట్లు దిగుతూ పోతే గది కింద గది, తల వంచుకుని నడవాలి. కేంబ్రిడ్జ్ వెళ్తే అక్కడి ది ఈగల్‌లో కూర్చోండి. 1953 ఫిబ్రవరి 28న శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ క్రిక్ లంచ్ టైమ్‌లో ఇక్కడికే వచ్చి, జీవ రహస్యం కనుక్కున్నామని ప్రకటించాడట. డీఎన్‌ఏ నిర్మాణం సంగతి అలా మొదట బయటపడింది పబ్బులో. ఇలాంటి చోట్ల మనం డబ్బు కట్టేది గోడలకి.

అన్నం మీద బెంగ పుట్టిన రోజున

ఐదారు రోజులకి అన్నం, కారం గుర్తొస్తాయి. అప్పుడు "ఇండియన్" అని బోర్డున్న మొదటి హోటల్లోకి దూరకండి. బ్రిటన్ కర్రీ హౌస్‌లు చాలావరకు బంగ్లాదేశ్ సిల్హెట్ ప్రాంతం వాళ్లు పెట్టినవి. బ్రిటిష్ నాలుకలకి తగ్గట్టు చేసిన తియ్యటి గ్రేవీలు. తప్పేమీ లేదు, అదొక వంట, కానీ పప్పు, చారు ఊహించుకుని వెళ్తే నిరాశే. దక్షిణాది తిండి కావాలంటే లండన్‌లో ఈస్ట్ హామ్, టూటింగ్ వైపు వెళ్లండి. ఇడ్లీ, దోసె, సాంబారు చవగ్గా దొరుకుతాయి. లెస్టర్‌లో బెల్‌గ్రేవ్ రోడ్ గుజరాతీ శాకాహారానికి పేరు. లండన్ కెన్సింగ్టన్‌లో చర్చిల్ ఆర్మ్స్ అనే పబ్బు వెనక గదిలో థాయ్ వంట పెడతారు. పూల కుండీలతో గోడలు కనపడని పబ్బులో అన్నం, పచ్చిమిర్చి తినడం మా ఆయనకి స్వర్గం. శాకాహారులు థాయ్ వంటలో ఫిష్ సాస్ గురించి అడగడం మరవద్దు.

మాకు అన్నిటికంటే బాగా నచ్చింది మాత్రం దేశీ పబ్బు. దీని కోసమే బర్మింగ్‌హామ్ దగ్గర ఒక రాత్రి ఎక్కువ ఉన్నాం. స్మెథిక్, వెస్ట్ బ్రామ్‌విచ్, వుల్వర్‌హాంప్టన్ ప్రాంతాల్లో పంజాబీలు నడిపే పబ్బులివి. వెనక కథ చేదుది. 1960ల్లో ఇనప ఫౌండ్రీల్లో పనికి వచ్చిన మనవాళ్లని చాలా పబ్బుల్లో కొన్ని గదుల్లోకి రానిచ్చేవాళ్లు కాదు, కొన్నిచోట్ల అసలు గడపే తొక్కనిచ్చేవాళ్లు కాదు. 1965 ఫిబ్రవరిలో అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కమ్ ఎక్స్ స్మెథిక్ వచ్చి ఈ వివక్షని కళ్లారా చూశాడు. తర్వాత్తర్వాత ఆ పబ్బుల్నే మనవాళ్లు కొనుక్కున్నారు. బీరు అదే, కార్పెట్ అదే, టీవీలో ఫుట్‌బాల్ అదే. వంటింట్లో మాత్రం తందూరు చేరింది.

మేం వెళ్లిన చోట గుమ్మం దాటగానే ఆవాల నూనె, కొత్తిమీర వాసన. ముందు వరసలో బ్రిటిష్ ముసలాళ్లు, వాళ్ల పక్కనే తలపాగాల సర్దార్జీలు, ఇద్దరి ముందూ అవే పైంట్లు. మిక్స్‌డ్ గ్రిల్ అని చెప్తే, ఇనప పెనం మీద ఉల్లిపాయ ముక్కలు చిటచిటలాడుతూ, చికెన్ ముక్కలు, గొర్రె మాంసం సీఖ్, చేప, పైన నిమ్మ చెక్క, వేడి నాన్. ఆ పెనం ఇద్దరికి సరిపోయేంత. మా ఆయన ఒక్కరే లాగించారు. నాకు పనీర్ టిక్కా, రాజ్మా, ఉప్పూ కారం సరిపోయిన పచ్చడి. పనీర్ కూడా అదే తందూర్లో కాలుస్తారు, పట్టింపు ఉన్నవాళ్లు కూర చెప్పుకోవడం మేలు. నాన్‌లో గుడ్డుందా అని ఇక్కడ కూడా అడిగాను. "లేదు బేటీ" అన్నాడు పెద్దాయన, హిందీలో. ఆ ఒక్క మాటకే సగం కడుపు నిండింది.

ఇంతకీ మీరు ఎలాంటి జంట అన్నదాన్నిబట్టి కూడా మారుతుంది. ఇద్దరూ నాన్‌వెజ్, ఇద్దరికీ బీరు అలవాటుంటే సాయంత్రాలన్నీ పబ్బులకే రాసిచ్చేయండి, ఒకటో రెండో గ్యాస్ట్రోపబ్ ముందే బుక్ చేసుకోండి. ఇద్దరూ శాకాహారులై, మందు లేకపోతే పబ్బుని కాఫీ, డెజర్ట్, కాళ్లకి విశ్రాంతి కింద వాడుకుని తిండి రెస్టారెంట్లలో తినండి. మాలా చెరో సగం అయితే మొదట చెప్పిన లెక్కే. కొత్తగా పెళ్లయి, మాట్లాడుకోవడమే ముఖ్యమైతే, మంగళవారం మధ్యాహ్నం మూడింటి పబ్బుని మించిన చోటు నేను చూడలేదు. తిండి దొరకదు, అంతే.

ఎడిన్‌బరా చేరేసరికి మేం ఆరితేరిపోయాం. పబ్బు గుమ్మంలో అడిగే మొదటి మాట "కిచెన్ ఎన్నింటి వరకు?" అన్నదే. ఆఖరి సాయంత్రం ఆరుంపావుకి ఒక పబ్బులో హాగిస్ చెప్పాం. అది గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తుల్ని ఓట్స్, మసాలాతో కలిపి వండేది. మన బోటీ కూర ఇష్టపడేవాళ్లకి నచ్చుతుంది. ఎడిన్‌బరాలో మాక్‌స్వీన్ అనే సంస్థ 1984లో దీనికి శాకాహారం జోడీ కనిపెట్టింది, పప్పులూ, ఓట్సూ, కూరగాయలతో. నేను అది చెప్పాను. పక్కన చిన్న గిన్నెలో వచ్చిన సాస్‌లో విస్కీ కలుస్తుందని ముందే అడిగి తెలుసుకుని, ఆ గిన్నె మా ఆయన వైపు జరిపాను. ఆయన తన ప్లేటు ముగించి, ఆ సాస్‌లో అద్దుకుంటూ నా దాంట్లో సగం తినేశారు.